ఇందూరు ఖిల్లాలో ఇద్దరు

మా రామారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో వచ్చి, అక్కడ రైలెక్కితే నిజామాబాద్ ఎంతో దూరం లేదు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఇందూరు అనేవారు. పని మీద వెళ్లినా పండుగకు వెళ్లినా ఖిల్లా వైపు ఒకసారి చూడకుండా తిరిగి రాలేను. పైన రామాలయం, ఆ కోటలోనే ఒకప్పటి జైలు. నిజాం రాజ్యం చివరి రోజుల్లో ఆ జైల్లో ఇద్దరు రచయితలు కలిసి ఉన్నారు. దాశరథి కృష్ణమాచార్యకు అప్పటికి ఇరవై రెండేళ్లు. వట్టికోట ఆళ్వారుస్వామి ఆయన కంటే దాదాపు పదేళ్లు పెద్ద. ఒకే గోడలు, ఒకే జవాన్లు. అక్కడి నుంచి తెలుగు సాహిత్యానికి వచ్చిన రెండు సాక్ష్యాలు మాత్రం ఒకదానికొకటి పోలిక లేనివి.

బొగ్గు కథ అందరికీ తెలిసిందే. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో జైలు గోడ మీద పద్యాలు రాశారు, జైలు వాళ్లు తుడిపేశారు, మళ్లీ రాశారు. నిజామును తిట్టిన పద్యం, తెలంగాణను వీణతో పోల్చిన పద్యం అలా పుట్టాయని చెప్పుకుంటాం. ఆ బొగ్గు పట్టిన చెయ్యి ఎవరిదన్నది మాత్రం చెప్పేవారిని బట్టి మారుతుంది. కొందరు దాశరథిదే అంటారు. దాశరథి చెబుతుంటే ఆళ్వారుస్వామి రాశారని మరికొందరంటారు. ఈ తేడా నాకు చిన్న విషయంగా అనిపించదు. ఒకరి గొంతు, ఇంకొకరి చెయ్యి అనుకుంటే, ఆ ఇద్దరి రచనలను పక్కపక్కన పెట్టి చదవడానికి దారి అక్కడే దొరుకుతుంది.

దాశరథి పద్యంలో ఉండేది ‘నేను’. ఆ నేను జైలు గదిలో ఇమడదు. క్షణంలో తెలంగాణ అంతా అయిపోతుంది, కోటిమంది గొంతవుతుంది. ఎదురుగా శత్రువు స్పష్టంగా ఉన్నాడు, సింహాసనం మీద కూర్చుని. అలాంటప్పుడు పద్యానికి దమ్ము వస్తుంది. తండ్రి దగ్గర సంస్కృతం, ఛందస్సు నేర్చుకున్న కుర్రవాడికి వృత్తం చేతిలో ఆయుధమైంది. అంతకు మించి అది దాచుకునే పెట్టె కూడా అయింది. కాగితం లేని చోట యతిప్రాసలు జ్ఞాపకానికి పట్టుకొమ్మలు. గోడ మీద తుడిచినా నోట్లో ఉంటుంది. సోవియట్ లేబర్ క్యాంపుల్లో రష్యన్ రచయిత సోల్జెనిత్సిన్ కూడా మొదట పద్యాలే కట్టి కంఠస్థం పట్టాడు. రొట్టె ముద్దలతో చేసిన జపమాల పూసలు లెక్కపెట్టుకుంటూ పంక్తులు గుర్తుంచుకున్నాడు. వచనం ఎక్కువగా బయటికి వచ్చాకే. బందీ సాహిత్యంలో ప్రక్రియను నిర్ణయించేది చాలాసార్లు జైలు తనిఖీయే.

అయితే పద్యం ఇచ్చినంతా ఇచ్చి ఒకటి తీసుకుంటుంది. ఆకలి, దెబ్బలు, చలి పద్యంలోకి రాగానే వీరత్వంగా మారిపోతాయి. ఆ గదిలో ఎంతమంది పడుకునేవారు, పొద్దున ఏం పెట్టేవారు, రాత్రి ఎవరు ఏడ్చేవారు? దాశరథి పద్య సంపుటి ‘అగ్నిధార’లో వీటికి చోటు లేదు. ఆయన ఆత్మకథ ‘యాత్రాస్మృతి’లో మనుషులు, ఊళ్లు, జైళ్లు తిరిగి కనిపిస్తాయి కానీ అది గెలిచిన వాడు తీరిగ్గా నెమరువేసుకున్న జ్ఞాపకం. నొప్పి అప్పటికి చల్లబడింది. దాశరథిని నేను తక్కువ చేయడం లేదు. ఆ పద్యం లేకపోతే ఇందూరు జైలు ఊసు ఇవాళ ఎవరికీ ఉండేది కాదు.

ఆళ్వారుస్వామి దారి వేరు. చిన్నప్పుడే ఇళ్లల్లో పని చేసి పొట్టపోసుకున్న మనిషి. హోటల్లో సర్వర్‌గా, గోలకొండ పత్రికలో ప్రూఫ్‌రీడర్‌గా బతికి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల మూట మోసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మినవాడు. తిండి పెట్టే చేతులు, మూటలు మోసే తలలు ఆయనకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసినవి కావు. అందుకే కాబోలు, తాను రాజకీయ ఖైదీ అయి ఉండి కూడా ‘జైలు లోపల’ కథల్లో తన త్యాగం గురించి చెప్పుకోలేదు. దొంగతనాలకు, హత్యలకు శిక్ష పడ్డవాళ్ల పక్కన కూర్చుని వాళ్లు ఇక్కడికి ఎలా వచ్చారని అడిగాడు. ఆ కథల పేర్లు చూడండి: ‘పతితుని హృదయం’, ‘పరిసరాలు’, ‘అవకాశమిస్తే’, ‘విధిలేక’, ‘మెదడుకు మేత’, ‘మాకంటే మీరేం తక్కువ’. వీటిలో కొన్ని సగంలో ఆగిన మాటల్లా ఉంటాయి. ఎవరో కటకటాల వెనక నుంచి మొదలుపెట్టిన వాక్యాన్ని మనల్ని పూర్తిచేయమన్నట్టు ఉంటాయి.

జైలు సాహిత్యంలో ఇది అరుదైన పని. రాజకీయ ఖైదీ మామూలుగా సాధారణ నేరస్థుడికి దూరంగా ఉంటాడు. తానూ వాడూ ఒకటి కాదని నిరూపించుకోవడమే సగం పోరాటం. ఆ గీతను ఆళ్వారుస్వామి చెరిపేశాడు. చాలా ఏళ్ల తర్వాత, 1962లో, సోల్జెనిత్సిన్ తన నవలలో మేధావిని పక్కనపెట్టి, ఇటుకలు పేర్చే రైతుబిడ్డ ఇవాన్ దెనిసోవిచ్ కళ్లతో క్యాంపును చూపించినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది. మన చెరువు మాదారం మనిషి ఆళ్వారుస్వామి అదే పని అంతకు ముందే, ఎవరి మెప్పూ ఆశించకుండా చేశాడు. ఇది నేను గర్వంగా చెప్పే మాట.

లోపం లేదని కాదు. కథ తానే మాట్లాడుతున్న చోట రచయిత మధ్యలో వచ్చి వివరిస్తాడు. సంస్కర్త కలం కథకుడి కలాన్ని తోసేస్తుంది. ఆష్‌విట్జ్ నుంచి బతికి బయటపడి 1947లో తన పుస్తకం అచ్చువేసిన ప్రైమో లెవీ గొంతు పెంచడు, తీర్పు పాఠకుడికి వదిలేస్తాడు. ఆ నిగ్రహం ఆళ్వారుస్వామికి అన్ని చోట్లా కుదరలేదు. దాశరథి వాక్యంలో ఉండే బిగువు కూడా ఈయన వచనానికి లేదు. అయినా రెండూ చదివాక రాత్రి నిద్ర పట్టనివ్వనిది నా వరకు ‘జైలు లోపల’.

కారణం జైలు బయట ఉంది. ‘జైలు లోపల’ను ఆళ్వారుస్వామిదే అయిన ‘ప్రజల మనిషి’ నవలతో కలిపి చదవాలి. మాకు బలవంతపు చాకిరీ అంటే ముళ్లకంచె వేసిన శిబిరం కాదు. ఊరి నడుమ దొర గడీ. చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ వంతుల వారీగా చేసిన వెట్టి. నాగు కింద, అంటే అప్పుగా, తెచ్చిన గింజలకు తరం తర్వాత తరం జీతగాడిగా ఉండిపోవడం. జైల్లో చాకిరీకి శిక్షాకాలం అంటూ ఒకటి ఉంటుంది. గడీ చాకిరీకి అది లేదు. ఈ కామారెడ్డి చుట్టుపక్కల గడీల కథలు వింటూ పెరిగినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గానీ రాలేదు. ‘ప్రజల మనిషి’ దొర ఊరిని చూపిస్తుంది, ‘జైలు లోపల’ ఆ ఊరి నుంచి జారిపడ్డవాళ్లు చివరికి చేరిన చోటును చూపిస్తుంది. రెండు పుస్తకాల్లోనూ అడిగేది ఒకటే: ఈ మనిషిని ఇలా చేసింది ఎవరు?

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. దాశరథి పద్యం శపించిన శత్రువు పోయాడు. పద్యం చరిత్రగా, ఆ తర్వాత నినాదంగా నిలిచింది. ఆళ్వారుస్వామికి మాత్రం పోలీసు చర్య తర్వాత కూడా జైలు తప్పలేదు. రాజు మారినా జైలు అక్కడే ఉందని ఆయన ఒంటితో తెలుసుకున్నాడు. ఆ తెలివి కథల్లోకి దిగింది. వాటి కాలం చెల్లకపోవడం అందుకే అనుకుంటాను.

ఇద్దరిలోనూ వినిపించని గొంతు ఒకటుంది. ఆడవాళ్లది. తెలంగాణ సాయుధ పోరాటంలో తిరిగిన స్త్రీల నోటి మాటలు ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో అచ్చయ్యేదాకా ఆగవలసి వచ్చింది. నేరస్థుడి మాట కూడా ఆళ్వారుస్వామి ద్వారానే వచ్చింది తప్ప, వాడు తానుగా రాసింది మన దగ్గర లేదు.

దాశరథి ‘అగ్నిధార’ 1949లో వచ్చింది. దాన్ని ఆయన అంకితం చేసింది ఆళ్వారుస్వామికే. ఆ పేజీ దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. తన పద్యం బతకడానికి పక్కనున్నవాడు చేసిందేమిటో కవికి తెలుసు. మనం మాత్రం పద్యాన్ని పాఠ్యపుస్తకాల్లోకి, సభల్లోకి తెచ్చుకుని, ‘జైలు లోపల’ను లైబ్రరీ అడుగు అరలో వదిలేశాం.

ఖిల్లాకు వచ్చేవాళ్లు దాశరథిని ఉంచిన గది ఏదని, పద్యం రాసిన గోడ ఏదని అడుగుతారు. అడగాల్సిందే, నేనూ అడిగాను. ఆ పక్క గదుల్లో ఎవరుండేవారని అడిగినవాళ్లను నేనింకా చూడలేదు.