సంత ఊరు – మన కథకుడు

మన నవలలో పల్లె ఉన్నది. పట్నమూ ఉన్నది. ఈ రెంటికీ మధ్య నిలబడి, పల్లె పండించినదాన్ని తూచి, పట్నంనుంచి వచ్చిన డబ్బును పంచే ఊరు మాత్రం దాదాపు లేదు. దాన్ని సంత ఊరు అందాం. కథానాయకుడు చదువుకోసమో ఉద్యోగంకోసమో పల్లె విడిచిపోతూ అక్కడ బస్సు మారతాడు. కాఫీ తాగుతాడు. అంతటితో కథలో ఆ ఊరి పని తీరిపోతుంది. ఎందుచేత ఇట్లా జరిగింది? ఇది వస్తువైవిధ్యానికి సంబంధించిన చిన్న లోపం మాత్రమేనా?

కాదని నా అభిప్రాయం. రైతు కష్టం ధరగా మారేది పొలంలో కాదు, కాటా దగ్గర. ఆ చోటును చూడకుండా దోపిడీని గురించి రాసినప్పుడు మనకు మిగిలేది జాలి. జాలి సాహిత్యానికి ముడిసరుకు కావచ్చునుగాని, అవగాహనకు బదులు కాలేదు.

నేను పాఠాలు చెప్పుకొనే మైలవరం అటువంటి ఊరే. విజయవాడవైపునుంచి కొండపల్లి మీదుగా తిరువూరు, భద్రాచలం పోయే దారిమీద ఉన్నది. చాలాకాలం కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. కాని డెల్టా కాదు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినప్పుడు నీరు పల్లానికి పారింది, మెట్టకు ఎక్కలేదు. 1967లో నాగార్జునసాగర్ నీరు వదిలిన తరువాత మెట్టకు ఎడమకాలువ మీద ఆశ పుట్టింది. అయితే ఈ ప్రాంతం ఆ కాలువకు చివర. చివరి పొలానికి నీరు చేరడం పైవాళ్ళ వాడకం మీద ఆధారపడుతుంది. విచిత్రమేమంటే ఈ కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచింది. పట్నం తన వెనక ఒక మెట్ట ఉన్నదని అప్పుడు గుర్తు చేసుకున్నది.

నీటి తేడా పంట తేడా అవుతుంది; పంట తేడా మనుషుల సంబంధాల్లో తేడా అవుతుంది. వరి పండించినవాడు, అప్పు మరీ మెడమీద లేకపోతే, గింజలు పురిలో పోసుకొని నెలో రెండు నెలలో ఆగగలడు. పత్తి పండించినవాడు పత్తి తిని బతకలేడు. మామిడి పండించినవాడు వారం కూడా ఆగలేడు. పూతమీదనో పిందెమీదనో తోట గుత్తకిచ్చి ముందుగా డబ్బు తీసుకున్న రైతుకు, కాయ దిగేనాటికి ధర అడిగే నోరుండదు. నున్న మార్కెట్టుకు స్వయంగా కాయ తోలుకుపోయినవాడికి నోరు ఉంటుందిగాని వ్యవధి ఉండదు. ఎండ పెరిగినకొద్దీ బేరం వ్యాపారివైపు ఒరుగుతుంది. ఇక్కడ దోపిడీ చేసేవాడు కొరడా పట్టుకొని రాడు. గడియారం చూసుకుంటూ కూర్చుంటాడు.

పాతకాలపు మార్కెట్ల లెక్కచీటీల్లో తరుగు, కమీషను, హమాలీ తరువాత ‘ధర్మం’ అనే పద్దు ఉండేది. రైతు సొమ్ములో కొంత కోసి దానధర్మాలకు జమకట్టేవారు. కోత రైతుది, కీర్తి షావుకారుది. 1933 మద్రాసు చట్టమూ, 1966 ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టమూ ఇటువంటి కోతలకు హద్దు పెట్టేందుకు వచ్చినవే. ధర్మం అనే ఒక్క మాటలో ఇంత చరిత్ర ఉన్నది. ఏ నవలాకారుడికైనా అంతకంటె వ్యంగ్యం ఏం కావాలి?

తెలుగు కవికి అంగడి మొదటినుంచీ పట్టలేదనుకుంటే పొరపాటు. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి కలిసి ఓరుగల్లు వీధులు తిరుగుతారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు వ్యాపారి. వాళ్ళు చూసినది రాజసభ కాదు. ఆటలూ పాటలూ అమ్మకాలూ. పూటకూటి ఇంట్లో రూకకు భోజనం దొరుకుతుంది. తరువాతి ప్రబంధకవి పురవర్ణన మేడమీదనుంచి చేశాడు. వైశ్యులు కుబేరులంతవాళ్ళని ఒక పద్యం చెప్పి ముందుకు పోయాడు. కిందికి దిగి ధర అడగలేదు. గురజాడ ‘కన్యాశుల్కం’లో మళ్ళీ పూటకూళ్ళమ్మ కనపడుతుంది. ఇది యాదృచ్ఛికం కాదు. అన్నం డబ్బుకు అమ్ముడుపోయేచోట ఊరు పట్నంగా మారడం మొదలవుతుంది. గిరీశం ఎటువంటివాడో తేల్చేది అతని ఇంగ్లీషు ఉపన్యాసాలు కాదు, ఆమెకు ఎగవేసిన డబ్బు.

ఆధునిక నవల ఈ చూపును నిలుపుకోలేదు. ఉన్నవ ‘మాలపల్లి’ (1922) కూలి ప్రశ్నను నవలలోకి తెచ్చింది, అది మహత్కార్యం. కొడవటిగంటి కుటుంబరావు చిన్నపట్నపు మధ్యతరగతిని లోపలినుంచి చూశారు. కాని ఎక్కువగా ఇంటినుంచి, బడినుంచి చూశారు. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’లో సాంబయ్య మట్టిని నమ్ముకుంటాడు, తరువాతి తరం పట్నపు మోజుకు లొంగి ఆ భూమిని పోగొట్టుకుంటుంది. బలమైన నవల. అయినా అందులో పట్నం ప్రధానంగా ఒక ప్రలోభం. ప్రలోభానికి లొంగనివాడి భూమి కూడా ఎట్లా పోతుంది? సినిమాలు చూడని, తాగని, కష్టపడి పనిచేసే రైతు ఎందుకు మునుగుతాడు? నీతి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

జవాబు వెదికిన కథ ఒకటున్నది – కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1964). ఒక అప్పు తగవును తీర్చబోయి ఆ కథ ఒక ఊరి ఆర్థికచరిత్రను మొత్తం విప్పుతుంది. అప్పల్రాముడు చెడ్డవాడు కాదు, సోమరి కాదు. ఊరు బాగుపడుతున్నదని అందరూ అనుకున్న కాలంలోనే అతను మునిగాడు. ఆ ముగింపులోని హింస గురించి ఇన్నేళ్ళుగా వాదించుకున్నాం. ఆ ముగింపుకు ముందున్న లెక్కను గురించి వాదించినది తక్కువ.

“కాటాలూ కమీషన్లూ అర్థశాస్త్రం; సాహిత్యం కాదు” అని మిత్రులు కొందరు అనవచ్చు. లెక్కలు అప్పచెప్పమని నేను అడగడం లేదు. పశువుల సంతలో తువ్వాలుకింద వేళ్ళు పట్టుకొని బేరమాడే ఇద్దరి ముఖాలు చూడమంటున్నాను. పరిశోధకులు కూడా చాలాకాలం ఊరిగట్టు దాటలేదు. ఎస్.సి.దూబే 1955లో శామీర్‌పేటను గురించి రాసిన గ్రంథం పేరే భారతీయ గ్రామం. దానికి ఒక ఏడాది ముందు పిట్‌రివర్స్ దక్షిణ స్పెయిన్ కొండల్లోని గ్రాజలేమా అనే చిన్న ఊరిమీద పుస్తకం రాశాడు. స్పానిష్ భాషలో ‘పుయెబ్లో’ అంటే ఊరు, ప్రజ – రెండూను. అక్కడ ఊరంటే పెద్దమనుషులు కాదు, సామాన్యులు. మన ‘ఊరు’ అనే మాట వాడపల్లెను వెలికి నెట్టి నిలబడింది. వెలి ఎక్కడ మొదలవుతుందో సంతలో స్పష్టంగా కనపడుతుంది; అక్కడ అందరి డబ్బూ చెల్లుతుంది, అందరి మాటా చెల్లదు.

మైలవరానికి సాహిత్యచరిత్రలో ఒక స్థానం ఉన్నది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో ఇక్కడి జమీందారు పోషణలో బాలభారతీ నాటక సమాజం యడవల్లి సూర్యనారాయణవంటి నటులతో ఆంధ్రదేశాన్ని అలరించింది. ఆ కళ గొప్పది; దాన్ని పోషించిన సొమ్ము శిస్తు. శిస్తు కట్టినవాడు ఆ రంగస్థలంమీద పాత్ర కాలేదు. 1947లో సుంకర, వాసిరెడ్డి ‘మా భూమి’ రాసినప్పుడు అతను పాత్ర అయినాడు. మరుసటి ఏడు ఎస్టేటుల రద్దు చట్టం వచ్చింది. జమీందారు పోయాడు. ఆ తరువాత ఆ పాత్ర పొలంనుంచి కాటా దగ్గరకు నడిచాడు. మన రచన అతని వెంట అక్కడిదాకా నడవలేదు.

ఇటీవల తరగతిలో మీ ఊరిని గురించి రాయమన్నాను. మామిడితోట ఉన్న కుటుంబంనుంచి వచ్చిన విద్యార్థి ఒకడు ఎడ్ల గంటలూ, ముగ్గులూ, పల్లెతల్లి ఒడీ రాసుకొచ్చాడు. వాళ్ళింట్లో ఎడ్లు లేవు. నిన్న ఎక్కడున్నావని అడిగితే, నాన్నతోపాటు కాయల బండి దగ్గర సాయంత్రందాకా ధర కోసం కాసుకొని ఉన్నానన్నాడు. అదే రాయకపోయావా అంటే, “అది కథెట్టా అవుద్దండీ?” అన్నాడు.

ఆ మాట వాడిది కాదు, మనం నేర్పినది. పాఠ్యపుస్తకంలోనూ పత్రికలోనూ వాడు చదివిన ఊళ్ళలో వాడి సాయంత్రం లేదు. తన బతుకు సాహిత్యానికి తగదనుకున్నవాడు, రేపు అది ప్రశ్నించడానికీ తగదనుకుంటాడు. వాడి చేత ఆ సాయంత్రం రాయించడం మన పని. ముందుగా మనం వెళ్ళి ఆ కాటా దగ్గర కాసేపు నిలబడాలి.