చందనంలో ఇమిడిన పూలు: కనౌజ్ అత్తరు తయారీ

ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్ ఒకప్పుడు హర్షవర్ధనుడి రాజధాని. ఇప్పుడు ఆ ఊరి పేరు చెబితే గుర్తొచ్చేది అత్తరే. హైదరాబాదులో చార్మినార్ చుట్టుపక్కల దుకాణాల్లో చిన్న గాజు సీసాల్లో అమ్మే గులాబ్, హీనా, ఖస్ ఈ సంప్రదాయానికి చెందిన రకాలే. బజారులో దొరికే సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలు. అత్తరులో అది చుక్క కూడా కలపరు. పూల ఆవిరిని నేరుగా చందన తైలంలోకి దింపి, అందులోనే ఇమిడేలా చేయడం అత్తరు పద్ధతి.

దీన్ని డేగ్-భప్కా పద్ధతి అంటారు. డేగ్ అంటే పొయ్యి మీద కదలకుండా కూర్చోబెట్టిన పెద్ద రాగి కాగు. భప్కా అంటే పొడుగు మెడ ఉన్న రాగి పాత్ర. చందన తైలం పోసిన ఆ పాత్ర పక్కనే నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది. రెంటినీ కలిపేది చోంగా అనే వెదురు గొట్టం. ఆవిరి దారిలోనే చల్లారిపోకుండా దానికి తాడు బిగుతుగా చుడతారు. గులాబీలు తెల్లవారుజామునే కోస్తారు, ఎండెక్కితే వాసన సగం గాలికే పోతుంది. పూలూ నీళ్లూ డేగ్‌లో వేసి, మూత పెట్టి, అంచు చుట్టూ దూది కలిపిన బంకమట్టి మెత్తుతారు. పొయ్యిలోకి కట్టెలు, పిడకలు.

థర్మామీటరు ఉండదు. పనివాడు తొట్టిలో చెయ్యి పెట్టి భప్కా పొట్టను తడుముతాడు. వేడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి ఎంత నిండిందో చెబుతాడు. భప్కా మార్చాల్సి వచ్చినప్పుడు తడిగుడ్డతో డేగ్‌ను తుడిస్తే ఆవిరి కాసేపు అణుగుతుంది. మంట పెరిగిందంటే వెంటనే కట్టె లాగేయాలి. పూలు మాడితే ఆ వాసనను కూడా చందనం పీల్చేసుకుంటుంది, ఇక దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు.

మర్నాటికి చల్లారిన భప్కాలో నూనె పైకి తేలి, నీరు అడుగున నిలుస్తుంది. అడుగున ఉన్న రంధ్రం తెరిచి నీటిని దించుతారు. దాన్ని పారబోయరు, కొత్త పూలతో కలిపి మళ్లీ డేగ్‌లో పోస్తారు. ఈ పద్ధతిలోని అసలు తెలివి ఇదే. గులాబీ వాసనలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ చాలావరకు నీటిలోకి కరిగిపోతుంది. పన్నీరు ఘుమఘుమలాడేది దానివల్లే. తేలిన నూనెను మాత్రం తీసుకుని నీటిని వదిలేస్తే పువ్వు వాసనలో పెద్ద వాటా పోయినట్టే. ఇక్కడ అదే నీరు, అదే చందన తైలం రోజూ కొత్త పూలను చూస్తాయి. పది పదిహేను రోజులు ఇలా సాగాక అత్తరును ఒంటె తోలుతో చేసిన కుప్పీల్లో పోసేవారు. మిగిలిన తేమ తోలు గుండా మెల్లగా ఆరిపోయేది.

చందనాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అందులోని శాంటలాల్ బరువైన పదార్థం, త్వరగా ఆవిరి కాదు. తేలికగా ఎగిరిపోయే పూల వాసనలను అది పట్టి ఉంచుతుంది. తన వాసన మెత్తనిది కాబట్టి పువ్వును అణగదొక్కదు కూడా.

ఈ కాగులో పూలే వేయాలని లేదు. కాల్చిన మట్టి పెంకులు వేసి తీసే మిట్టీ అత్తరులో తొలకరి వాసన దొరుకుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ 1964లో ‘నేచర్’ పత్రికలో ఈ వాసనకు పెట్రికోర్ అని పేరు పెడుతూ, భారతదేశంలో దీన్ని ఏనాటి నుంచో సీసాలకెక్కిస్తున్నారని ప్రస్తావించారు. మొగలిపువ్వు సంగతి మరోలా ఉంటుంది. అది శ్రీకాకుళానికి ఎగువన, ఒడిశాలోని గంజాం తీరంలో పండుతుంది. దూరప్రయాణానికి ఆగదు కాబట్టి డేగ్‌లే పూల దగ్గరికి వెళ్లాయి.

కృత్రిమ పరిమళాల చరిత్ర 1868లో విలియం పెర్కిన్ కౌమరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేయడంతో ఊపందుకుంది. 1882లో వచ్చిన ఫూజేర్ రాయల్ సెంటులో దాన్ని వాడారు. 1921లో వచ్చిన షనెల్ నంబర్ 5 ఆల్డిహైడ్లతో పేరు తెచ్చుకుంది. లెక్క చూస్తే ఇవి గెలవడంలో వింత లేదు. కిలో గులాబీ నూనెకు మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి, పైగా ఏ ఏటి పంట వాసన ఆ ఏటిదే. ఫ్యాక్టరీ సరుకు చౌక, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కానీ గులాబీ నూనెలో మూడు వందలకు పైగా పదార్థాలున్నాయి. బీటా డమాసినోన్ లాంటివి ఒక శాతానికి ఎంతో తక్కువగా ఉండి కూడా వాసనను శాసిస్తాయి. పదీ పాతికా కలిపి చేసిన గులాబీ మొదటి పీల్పులో మోసం చేయగలదు గానీ, చర్మం మీద గంటలు గడిచేకొద్దీ అసలుది మారినట్టు మారదు.

అలాగని రసాయనశాస్త్రాన్ని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. కస్తూరి కోసం మృగాన్ని చంపేవారు. 1888లో పేలుడు పదార్థాలపై పనిచేస్తూ ఆల్బర్ట్ బౌర్ కనిపెట్టిన కృత్రిమ కస్తూరి, దాని తర్వాత వచ్చినవి ఆ అవసరాన్ని తప్పించాయి. ఇక ‘సహజం కాబట్టి హాని చేయదు’ అనే ప్రచారం ఉత్తమాట. గులాబీలో సహజంగా ఉండే జెరానియాల్, సిట్రొనెల్లాల్ కొందరికి దద్దుర్లు తెప్పిస్తాయి. అత్తరును ఎంచుకోవడానికి ఆరోగ్యం కంటే పువ్వు పూర్తి వాసనే బలమైన కారణం.

ఇప్పటి గండం చందనం కొరతతో వచ్చింది. 1792లో టిప్పు సుల్తాను రాజవృక్షంగా ప్రకటించిన నాటి నుంచి చాలాకాలం అది ప్రభుత్వ గుత్తలోనే ఉంది. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో రైతులకు పట్టు సడలించాయి. కానీ గంధపు చెక్క చేవదేరడానికి ఏళ్లు పడుతుంది. తైలం ధర ఆకాశానికంటడంతో చాలా భట్టీల్లో భప్కాలోకి లిక్విడ్ పారాఫిన్, డీఓపీ అనే కృత్రిమ ద్రావకం చేరాయి. పూలు నిజమైనవే అయినా ఆధారం పెట్రోలియం సరుకైతే అత్తరు సగమే సహజం. అందుకే కొనేవారు అడగాల్సింది పువ్వు పేరు కాదు, దేనిలోకి దించారన్నది. రూహ్ అని అమ్మేవాటికి ఈ ప్రశ్నే ఉండదు. వాటిలో ఆధార తైలం కలపరు, పువ్వు లేదా వేరు నూనె మాత్రమే ఉంటుంది. వట్టివేళ్ల నుంచి తీసే రూహ్ ఖస్‌కు రాగి పాత్ర వల్ల పచ్చని రంగు కూడా వస్తుంది. 1991లో కనౌజ్‌లో ఏర్పడిన సుగంధ, పరిమళ అభివృద్ధి కేంద్రంలో నమూనాలను పరీక్షించి, కల్తీ ఏదో తేల్చి చెబుతారు.