గర్భవర్ణనములు – మన పాఠప్రవచనము

పాలకుర్తి, బమ్మెర యను గ్రామములు రెండును నేఁడు జనగామ జిల్లాయందుఁ బాలకుర్తి మండలమున నొకదాని కొకటి చేరువనే యున్నవి. మొదటిది పాల్కురికి సోమనాథుని పేరను, రెండవది బమ్మెర పోతనామాత్యుని పేరను బ్రసిద్ధము. (పోతన నివాసమును గుఱించి యొంటిమిట్టవారితోఁ గల వివాదమున కిది తావు కాదు.) వీరిలో నొకరు గర్భస్థశిశువు మాసక్రమమున నెట్లు పెరుఁగునో చెప్పిరి, ఒకరు పసిబిడ్డకు నీళ్ళు పోయుట మొదలు, ఆ బిడ్డ పాలు గుడువనప్పుడు తల్లి పడు తల్లడము వఱకు వర్ణించిరి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పాఠశాలలలోఁ దెలుఁగు చెప్పు పండితులు ఈ కవులను మావారని చెప్పుకొందురు. చెప్పుకొనుట న్యాయమే. అయినను, ఈ ఘట్టములు తటస్థించినపుడు పుట త్రిప్పి ముందునకుఁ బోవుట మనలోఁ బెక్కండ్ర కాచారమైనది. ఇందులకుఁ గల యాధారమేమో విచారింపవలసియున్నది.

అడిగినచో వచ్చు సమాధాన మొక్కటే: అశ్లీలభయము. ఈ భయము మన పూర్వులకుఁ గలదా? వీధిబడిలో నమరము వల్లించు బాలుఁడు మనుష్యవర్గమునకు వచ్చుసరికి ఋతుమతికిఁ గల పర్యాయపదములను, ముట్టుడిగిన స్త్రీకి నిష్కల యను పేరును, చూలాలికి ఆపన్నసత్త్వ, గుర్విణి, అంతర్వత్ని యను పేళ్ళను, కోరికలు గల గర్భిణికి దోహదవతి యను పేరును, జరాయువును, ఉల్బమును, ప్రసవమాసమునకు వైజననమను పేరును గంఠస్థము చేసెడివాఁడు. ఆ శ్లోకములను దాఁటించి చెప్పిన గురువును నేను వినలేదు.

వ్యాకరణమునఁ జూచినచో విషయ మింకను స్పష్టపడును. అంతర్వత్నీ శబ్దమును సాధించుటకై పాణిని నాల్గవ యధ్యాయము ప్రథమపాదమున 32వ సూత్రము నుపదేశించెను. 'లోపల నేదో కలది' యను సామాన్యార్థమున నీ రూపము సిద్ధింపదు; గర్భిణి యను నర్థముననే సిద్ధించునని వృత్తికారులు చెప్పుదురు. అర్ధమాత్ర తగ్గినఁ బుత్రోత్సవమంతగా సంతసింతురని పేరుపడినవారు గదా వైయాకరణులు! అట్టివారు చూలాలి పేరొకటి, పతి జీవించియున్న స్త్రీ పేరొకటి, ఈ రెంటికై సూత్రము నొకదానిని వెచ్చించిరి. ధాతుపాఠమున షూఙ్ ధాతువున కర్థము ప్రాణిగర్భవిమోచనమని చెప్పిరి. ఇంతకంటె దాఁపరికము లేని నిర్వచనము నేఁటి వైద్యగ్రంథమునందైన నుండునా?

ఆలంకారికు లశ్లీలమును దోషముగాఁ జెప్పినమాట నిజమే. వ్రీడ, జుగుప్స, అమంగళము అను మూఁటిచేఁ ద్రివిధమని విభజించిరి. కాని మమ్మటుఁడు శమకథలయం దదియే గుణమగునని వెంటనే చెప్పినాఁడు. లోకమంగీకరించి వాడుకొనుచున్న మాటలయందు దోషము వెదకరాదని వామనుని మతము. కడుపు, కాన్పు, పురుడు అను మాటలు లోకమంగీకరింపనివా? కావున శాస్త్రము మనవైపు లేదు. మిగిలినది మన సంకోచ మొక్కటే.

ఇఁక భాగవతము. తృతీయస్కంధమునఁ బిండోత్పత్తిక్రమమును జెప్పువాఁడు కపిలుఁడు. వినునది యాతని తల్లి దేవహూతి. తొమ్మండుగురు కొమార్తెలను, పిదపఁ గపిలునిఁ గన్న తల్లి యామె. గర్భవాసమన నేమో యామెకుఁ దెలియదా? తెలిసినదానినే శాస్త్రక్రమమునఁ గుమారుఁడు చెప్పఁగా నామె వినుచున్నది. కొడుకు తల్లితోఁ జెప్పఁగలిగిన విషయమును గురువు శిష్యులతోఁ జెప్పలేకపోవుట వింత. పోతన యీ క్రమమును బ్రధానముగా వచనమున నడపి, గర్భస్థుఁడైన జీవుఁడు భగవంతుని వేఁడుకొను తావునఁ బద్యము నెత్తుకొనెను. ఈ విభాగము బుద్ధిపూర్వకమని నా యభిప్రాయము. శాస్త్రవిషయమునకు వరుస ముఖ్యము, ఆర్తికి లయ ముఖ్యము. వచనమును విడిచి పద్యములు మాత్రమే చదివించువారు జీవుని మొఱను వినిపింతురు గాని, యాతఁ డెక్కడనుండి మొఱపెట్టుచున్నాఁడో చెప్పరు.

మూలమునఁ గల క్రమ మిది. ఒకరాత్రికిఁ గలలము, అయిదు రాత్రులకు బుద్బుదము, పది దినములకు రేఁగుపండంత, నెలకు శిరస్సు, రెండు నెలలకుఁ గాలుసేతులు, మూఁడు నెలలకు గోళ్ళు, రోమములు, ఎముకలు, చర్మము, స్త్రీపురుషచిహ్నములు, నాల్గింట సప్తధాతువులు, అయిదింట నాఁకలిదప్పులు, ఆఱింట మావిచేఁ గప్పఁబడి కుక్షియందుఁ దిరుగుట, ఏడింటఁ దెలివి. దీనిని నేఁటి శాస్త్రముతోఁ బోల్చి చెప్పుటలోఁ దప్పేమి? ఎనిమిది వారములకుఁ గాలుసేతు లేర్పడునని వైద్యులును జెప్పుచున్నారు. రెండు నెలల లెక్క కుదిరినది. పదినాళ్ళకు రేఁగుపండంత యనుట కుదురదు. అప్పటి పిండ మావగింజకంటెను జిన్నది. రేఁగుపండంత యగుటకు సుమారు రెండు నెలలు పట్టును. గుండె మూఁడవ వారము దాఁటఁగనే కొట్టుకొన నారంభించును. ఆ ముచ్చట మూలమున లేదు. కుదిరినదానిని గుదిరినదనియుఁ, గుదురనిదానిని గుదురదనియుఁ జెప్పిన మాత్రమున భాగవతమునకు వచ్చు లోపము లేదు. అంతయుఁ గుదిరినదని బుకాయించుటయు, అంతయు నసంగతమని యీసడించుటయుఁ బండితులకుఁ దగవు గావు.

మఱొక చిక్కు. తెలుఁగున నవమాసములు మోసినదందుము. శ్రుతియందును, ఈ కపిలోపదేశమునందును శిశువు దశమాస్యుఁడు. విద్యార్థులు దీనినిఁ దప్పక యడుగుదురు. వైద్యులు గర్భకాలమును గడపటి ఋతువు మొదటినాఁటినుండి 280 దినములుగా లెక్కింతురు. ఇరువదియెనిమిదేసి దినముల మాసములు పదియైనచో 280 దినములే. సౌరమాసములలోఁ దొమ్మిది నిండి పదియవది సోఁకును. రెండు మాటలకును విరోధము లేదు.

తల్లి తిన్న కారము, ఉప్పు, పులుసు శిశువును బాధించునని కపిలుఁడు చెప్పిన తావున మాత్రము ప్రవచనకర్త మెలఁకువతో నుండవలెను. అది వైరాగ్యోద్దేశమునఁ జెప్పిన మాట, పథ్యవిధి గాదు. నిండఁ దిన్నచో బిడ్డ పెరిగి కాన్పు కష్టమగునను నపోహ మన పల్లెలలో నిప్పటికిని వినవచ్చును. దాని కీ ఘట్టమును బ్రమాణముగాఁ దెచ్చుట పాపము. 2019–21 నాఁటి జాతీయకుటుంబారోగ్యపరిశీలనమునఁ దెలంగాణమందలి గర్భిణులలో సగమునకుఁ బైగా రక్తహీనలని తేలినది. ప్రసంగవశమున నొకమాట: రఘువంశము తృతీయసర్గమున సుదక్షిణ మన్నుదిన్నది, పుట్టఁబోవు కుమారుఁడు భూమి నేలును గావునఁ దల్లి ముందే మన్నునం దభిలాష గొన్నదని కాళిదాసుఁ డుత్ప్రేక్షించెను. ఉత్ప్రేక్ష రమణీయము. మన్ను దినఁగోరుట పెక్కుచోట్ల రక్తమున నినుము తక్కువయగుటతోఁ గూడియుండునని నేఁటి వైద్యుల మాట. ఆ సర్గమును జెప్పు పండితుఁ డీ రెండవమాటకూడఁ జెప్పినచో, వినుచున్న బాలిక లింటికిఁ బోయి తమ యక్కనో వదిననో మందులకై పంపవచ్చును. అలంకారమునకు వచ్చిన నష్టమేమియు లేదు.

సప్తమస్కంధమున హిరణ్యకశిపుని భార్య కథ గలదు. మూలమున నామె కయాధువు. పోతన లీలావతి యన్నాఁడు. భర్త తపమునకుఁ బోయినపు డింద్రుఁ డామెను జెఱపట్టఁగా నారదుఁడు విడిపించి తన యాశ్రమమున నుంచెను. ఆమె గర్భక్షేమమును, ఇచ్ఛాప్రసూతిని గోరి మునిని సేవించినదని మూలము. ఇచ్ఛచేఁ బ్రసూతి యని తృతీయాతత్పురుషము. ఎవరి యిచ్ఛ? వాక్యమునఁ గర్త్రి యామెయే గాన నిచ్ఛయు నామెదే. అన్వయమున క్షేమపదము ముందు, ఇచ్ఛ తరువాత. ఈ వరుస వ్యర్థము గాదు.

దీనిని విస్తరించి చెప్పుటకుఁ గారణము గలదు. శస్త్రచికిత్సచేఁ జేయు కాన్పులకు ముహూర్తము పెట్టుఁడని మనలోఁ బలువురను నేఁడడుగుచున్నారు. పైఁ జెప్పిన పరిశీలనము ననుసరించి తెలంగాణమునఁ బ్రసవములలో నూటికి 60.7 సిజేరియనులు, దేశమునం దది యప్పటి కత్యధికము. వీనిలో నన్నియు ముహూర్తమునకై జరిగినవి గావు. కొన్ని తల్లీబిడ్డల ప్రాణరక్షణమునకు విధిగాఁ జేయవలసినవే. కాని పంచాంగము చూచి కోయించుకొనుటయుఁ గలదు. ప్రభుత్వవైద్యులే వలదని ప్రచారము చేయవలసివచ్చినది. వైద్యకారణము లేనిచో 39 వారములు నిండకమునుపు బిడ్డను వెలికిఁ దీయరాదని వారి శాస్త్రము. ఇచ్ఛాప్రసూతిశబ్దమును జూపి యిదియుఁ బురాణసమ్మతమే యని యొక విద్వాంసుఁ డనఁగా వింటిని. అది యపార్థము. కయాధువు కోరినది ముందు గర్భక్షేమము. ముహూర్తము పెట్టించువారు కోరునది లగ్నము. జాతకశాస్త్రము జనించిన క్షణమును దెలిసి ఫలమును జెప్పును. ఫలమును దలఁచి జననమును ముందునకుఁ ద్రోయుట శాస్త్రమును దలక్రిందులు చేయుట. దక్షిణ తీసికొని యీ పని చేయువారిని మన పండితసభలు ప్రశ్నింపవలెను.

షష్ఠస్కంధములోని పుంసవనవ్రతమును గూర్చి రెండు మాటలు చాలును. ఆ స్కంధము పోతనది గాదు, ఏర్చూరి సింగనది. దితి యింద్రుని జంపు కొడుకును గోరి వ్రతము పట్టెను. నియమభంగముకాఁగా నింద్రుఁడు గర్భమును జొచ్చి పిండమును నలువదితొమ్మిది తునియలు చేసెను. కొడుకే కావలెనను పట్టుదల కా కథలోఁ గలిగిన ఫల మిది! శిశువు కుక్షియందుఁ గుడివైపునఁ దిరిగినచో మగబిడ్డ యను నమ్మకమును నిట్టిదే. ఆఁడయో మగయో తండ్రి బీజమువలన నిర్ణయమగునని నేఁడు నిస్సందేహముగాఁ దెలిసినది. గర్భమున లింగమును జెప్పుట, చెప్పించుకొనుట 1994 నాఁటి చట్టముచే నేరము. ఆఁడపిల్లలనే కన్నదని కోడలిని దూఱు నింట నీ కథను జెప్పవలసిన తీరు వేఱు.

ఇఁక సోమనాథుఁడు. బసవపురాణములోని బెజ్జమహాదేవికథను జానుఁదెనుఁగునకు లక్ష్యముగాఁ జూపుదుము. కథలోని పనిని మాత్రము చదువము. శివునకుఁ దల్లి లేదని యామె కనికరపడెను. తల్లియే యున్నచో విషము త్రాగనిచ్చునా, తోలు గట్టనిచ్చునా, భిక్ష మెత్తనిచ్చునా యని యామె వితర్కము. తానే తల్లియై శివునిఁ బసిబిడ్డగాఁ జేసికొని, కాళ్ళపైఁ బెట్టుకొని నూనె యంటి, నీళ్ళుపోసి, పాలిచ్చి పెంచెను. ఇందలి క్రియాపదములు ప్రతియొకటియుఁ బల్లెతల్లి చేతిపని. వానిని నిఘంటువు చూచి తెలిసికొనుటకంటెఁ బురుడు పోయు ముసలమ్మ నడిగి తెలిసికొనుట మేలు. ద్విపద నడక కూడ నా చేతుల కదలికనే యనుసరించినట్లుండును.

పిదప శివుఁ డామెను బరీక్షింపఁగోరి యంగిటిముల్లు రోగము నటించెను. తల్లికిఁ దెలిసిన మొదటి గుఱుతు బిడ్డ పాలు గుడువకపోవుట. కవి లోకజ్ఞత యిచ్చట మెచ్చఁదగినది. నవజాతశిశువు పాలు పట్టకపోవుటను నేఁటి వైద్యులును మొదటి యపాయచిహ్నములలో నొకటిగా నెన్నుదురు. ఆమె ప్రాణములు విడువఁబూనఁగా శివుఁడు ప్రత్యక్షమాయెను. లోకమున నామెకు అమ్మవ్వ యను పేరు నిలిచినది. కడుపు పండని స్త్రీని గొడ్రాలని నిందించు నోళ్ళకు సోమనాథుఁ డిచ్చిన బదులు ఈ కథ. కనకయే తల్లియగుట యాతని కావ్యమున నూహ మాత్రము కాదు. నూనె, నీరు, పాలు, మందులతోఁ గూడిన ప్రతిదినపుఁ బని.

సోమనాథుని కాలమున కించుమించుగాఁ జేరిన కాకతీయుల యేలుబడిలోఁ బ్రసూతి రాజధర్మమునందును జేరియుండెను. రుద్రమదేవి నాఁటి 1261 మల్కాపురశాసనమున, కృష్ణాతీరమునందలి మందడమున, విశ్వేశ్వరశివాచార్యుల యాజమాన్యమున మఠము, విద్యాశాలలతోపాటు ఆరోగ్యశాలయుఁ బ్రసూతిశాలయుఁ బేర్కొనఁబడినవి. దేవాలయము ముంగిట ఱాతిపైఁ జెక్కఁదగిన మాట తరగతిగదిలోఁ బలుకఁదగదా?

ఈ మౌనమువలన మొదట నశించునవి మాటలు. నెల తప్పుట, వేవిళ్ళు, చూలు, ఉమ్మనీరు, మావి, పురుడు, బాలెంత, ముఱ్ఱుపాలు – ఇవి మన స్త్రీలు వేలయేండ్లుగా నిలుపుకొన్న శాస్త్రపరిభాష. పల్లెకు వచ్చు ఆశా కార్యకర్తతోఁ దన బాధ చెప్పుకొనవలసిన యిల్లాలి కీ మాటలే యాధారము. మహబూబాబాదు జిల్లాలోని లంబాడీతండాలలోను, కొత్తగూడ, గంగారము మండలముల కోయగూడెములలోను, భూపాలపల్లి యడవిపల్లెలలోను దెలుఁగు పెక్కండ్రకు రెండవ భాష. వారు దానిని నేర్చుకొనునది బడిలోనే. ఆ బడిలో మన మీ మాటలను బలుకనిచో వారికి మిగులునవి సిగ్గు, వ్రేలితోఁ జూపుటయు.

కనుక జిల్లాపాఠశాలల పండితులు తమ విద్యార్థుల తల్లులవలన, అమ్మమ్మలవలన నీ పదములను, వాని ప్రయోగములతో సేకరించి మన పరిషత్తునకుఁ బంపిన బాగుండును. కావ్యార్థమునకును నది యుపకారము. మన ప్రాచీనకావ్యములలో 'నీళ్ళాడెను' అనఁగాఁ బ్రసవించెనని యర్థము. ఇంటియందు నానాఁటికి వాడుక తప్పుచున్న యీ మాటను బడియందును జెప్పువాఁడు లేనందున, మొన్నటి పరీక్షలో నొక బాలుఁడు, రాణి స్నానము చేసి కొమారునిఁ జూచెనని వ్రాసినాఁడు.