కారవానులో వైర్‌లెస్ అడాప్టరు: పెట్టెమీది మాటలు

ఇంటినే బండిమీద పెట్టుకొని తిరుగుట మన దేశమున ఇప్పుడిప్పుడే కనబడుచున్నను, తెలుగువారికి ఆ సంగతి బొత్తిగా కొత్త కాదు. 1982లో నందమూరి తారకరామారావుగారు ఒక షెవ్రొలే వ్యానును చైతన్యరథముగా మార్పించుకొని, ఊరూర తిరుగుచు దానినే ఇల్లుగా చేసికొనిరి. ఆ రథమునకు లౌడుస్పీకరు చాలినది. నేటి కారవానునకు మాట బయటకు పోవుటయే గాక లోపలికి కూడ రావలెను. అందులకు కావలసినది వైర్‌లెస్ అడాప్టరు. దీనిని అనుసంధాని అని వ్రాయవచ్చును గాని, దుకాణములో ఆ మాట చెప్పి అడిగినవారు వట్టిచేతులతో తిరిగివత్తురు.

ఈ పరికరములు వచ్చు పెట్టెలమీది మాటలే ఇచట మన విమర్శకు విషయము. వాటిని నమ్మి కొన్నవాడు డబ్బు పోగొట్టుకొనుటయే గాక, నడిరాత్రి ఆస్పత్రి ఎచటనున్నదో వెదకవలసివచ్చినపుడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసివచ్చును.

సిద్దిపేట జిల్లా ములుగు దగ్గర, రాజీవ్ రహదారి ప్రక్కన బండి నిలిపితిమనుకొందము. (మేడారమున్న ములుగు వేరు. కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయము, అటవీ కళాశాల ఉన్న ములుగు ఇది.) నూరు గజముల దూరమున ఒక భోజనశాల ఉన్నది. యజమాని దయతలచి వైఫై పాస్‌వర్డు ఇచ్చినాడు. మన అడాప్టరు పెట్టెమీద వేగము 1,200 మెగాబిట్లని ఉన్నది. అది 2.4, 5 గిగాహెర్ట్జ్ అను రెండు బాండ్ల వేగములను కలిపి వేసిన లెక్క. అడాప్టరు సాధారణముగా ఒకసారి ఒక బాండునే వాడుకొనును. పైగా ఆ వేగము మన బండికిని భోజనశాలలోని రౌటరుకును నడుమనే. రౌటరునకు వచ్చు తీగలో 40 మెగాబిట్లే ఉన్నచో మిగిలినదంతయు కాగితము మీది వేగము. చెరువులో నీరు లేనపుడు తూము వెడల్పు చేసి ఏమి లాభము?

తరువాతిది శక్తి. కొన్ని పెట్టెలమీద "2000 మిల్లీవాట్లు" అని పెద్ద అక్షరములతో ఉండును. ఇచట చిన్న గుణకారము చాలును. యుఎస్‌బి 2.0 రంధ్రమునుండి ప్రమాణము ప్రకారము వచ్చునది 5 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు. అనగా రెండున్నర వాట్లు. లోపలి చిప్పు తినునది, వేడిగా పోవునది అందులోనిదే. రెండున్నర తీసికొని రెండు తరంగములుగా పంపు అడాప్టరు ఉన్నదనుట నమ్మదగినది కాదు. నిజమే అయినను చిక్కే. 2005 జనవరి నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారము 2.4 గిగాహెర్ట్జ్ బాండులో లైసెన్సు లేకుండ వాడు ప్రసారిణికి పరిమితి 1 వాటు; యాంటెనా బలముతో కలిపి 4 వాట్లు. అన్నింటికంటె ముఖ్యము, సంభాషణ ఇద్దరిది. సామాన్యమైన రౌటరు మాటలాడునది వాటులో పదియవ వంతు శక్తితో. మనము బిగ్గరగా అరచినంత మాత్రాన మన చెవుడు పోవునా? దూరపు మాట వినుటకు కావలసినది గ్రాహకపు సున్నితత్వము. ఆ అంకె పెట్టెమీద అరుదు. తయారీదారు వివరపత్రమున చిట్టచివర రుణసంఖ్యగా ఉండును. మైనస్ 90 కన్న మైనస్ 95 మేలు.

ఇక దూరము. "ఒక కిలోమీటరు" అని వ్రాయువారు ఆ అడాప్టరును ఇనుపపెట్టెలో పెట్టి చూచిరా? లోహపు గూడులోనికి విద్యుత్ ప్రభావము చొరదని మైకేల్ ఫారడే 1836లోనే చూపెను. కారవాను గోడలు రేకువైనచో తరంగములకు కిటికీలే ద్వారములు. కాబట్టి అడాప్టరును కిటికీ దగ్గరకు తీసికొనిపోవలెను. ఇందులకు యుఎస్‌బి తీగ మంచిది. 5 మీటర్ల వరకు అది సంకేతమును చెడగొట్టదు. సన్నని యాంటెనా తీగలో ఈ బాండున మీటరుకు ఇంచుమించు 1 డెసిబెల్ పోవును. మూడు మీటర్లకు సగము శక్తి తీగలోనే హరించును. అడాప్టరును కప్పుమీద బిగించు ఆలోచన మంచిదే గాని, మన మే నెల ఎండకు ఆ ప్లాస్టిక్కు డబ్బా ఎన్నాళ్ళు తాళును?

ఈ పెట్టెల ముఖ్యదోషము వేరొకటి ఉన్నది. మన రహదారుల వెంట అందరికిని దొరకు వైఫై తక్కువ. బండికి నిత్యము పనికివచ్చునది సిమ్ము వేసికొను అడాప్టరు. దానికి ప్రాణము బాండ్లు. 850, 900 మెగాహెర్ట్జ్ తరంగములు దూరము పోవును. 1800, 2300లో ఎక్కువ సమాచారము పట్టును. ఇచట జియో, ఎయిర్‌టెల్ 4జి సేవలు 2300ను విరివిగా వాడుచున్నవి. వివరపత్రమున దానిపేరు బాండు 40. అమెరికానుండి బంధువులు తెచ్చియిచ్చిన అడాప్టరులో తరచుగా అదియే ఉండదు. వేగమును అంగుళమెత్తు అక్షరములలో అచ్చువేసినవారు, బాండ్ల పట్టికను మాత్రము పెట్టె అడుగున, భూతద్దము లేనిదే కనబడనంత సన్నగా వేయుచున్నారు.