శిఖిముఖి మనవాడేనా?

శబరి పండ్లు ఇచ్చింది. గుహుడు పడవ ఇచ్చాడు. ఏకలవ్యుడు బొటనవేలు ఇచ్చాడు. బడి పుస్తకాల్లో మాకు కనిపించిన గిరిజనులు వీళ్లే. ముగ్గురూ ఇచ్చినవాళ్లే. అందుకే పాత చందమామల్లో "శిథిలాలయం" చదువుతూ శిఖిముఖి దగ్గర ఆగిపోయాం. అతను శబర యువకుడు. ఎవరి కథకో అలంకారం కాదు, ఆ కథకు అతనే నాయకుడు. స్నేహితుడు విక్రమకేసరి పక్కన సమానంగా నడుస్తాడు. మా పెదకాకాని పిల్లలకు ఆ కథ చదివి వినిపిస్తే మొదట అడిగేది ఒక్కటే: "మనవాడేనా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే రాసినాయన గురించి చెప్పాలి. దాసరి సుబ్రహ్మణ్యం 1932లో తెనాలి ప్రాంతంలోని పెదగాజులపల్లెలో పుట్టారు. మన గుంటూరు నేల మనిషే. 1952లో మద్రాసులో చందమామలో చేరి 2006 వరకు అక్కడే పనిచేశారు. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు అన్నీ ఆయనవే. ఇతర భాషల చందమామల్లోకి కూడా అవి వెళ్లాయి. కానీ సీరియల్ కింద ఆయన పేరు ఉండేది కాదు. లక్షల మంది పిల్లలు కథను ఎరుగుదురు, కథకుణ్ణి ఎరగరు. తరువాతి కాలంలో అవి ఆయన పేరుతో పుస్తకాలయ్యాయి. 2010లో ఆయన విజయవాడలో కన్నుమూశారు.

ఆయన గొప్పతనం మాయలో లేదు. మాంత్రికులు ఎన్ని మంత్రాలు చదివినా, వాళ్ల వెనుక ఉండేది ధనం మీద, అధికారం మీద మనిషికుండే ఆశే. ఆ ఆశే వాళ్లను ముంచుతుంది. ఆపద వచ్చినప్పుడు కథానాయకులు దేవుడు దిగివస్తాడని కూర్చోరు. బుర్ర వాడతారు, తోటివాణ్ణి నమ్ముకుంటారు. చిన్న వాక్యాల్లో, తేలిక మాటల్లో కథ పరుగెత్తుతుంది. కూడబలుక్కుంటూ చదివే పిల్లవాడు కూడా వెనకబడడు. ఉపాధ్యాయులు ఇది గమనించాలి.

ఇష్టమైన రచయిత కాబట్టే లోపం కూడా చెప్పాలి. శిఖిముఖిని పక్కన పెడితే, ఈ సీరియళ్లలో ఆటవికులంటే చాలాచోట్ల ఈటెలు, ఈకలు, బలిపీఠాలు. శబరులు, సవరలు కథల్లో పుట్టిన జాతులు కారు. ఆ 1960ల చివరలోనే శ్రీకాకుళం కొండల్లో సవరలు భూమి కోసం, కూలి కోసం పోరాడుతున్నారు. ఆ సవరల భాషకు గిడుగు రామమూర్తి అప్పటికి ముప్పై ఏళ్ల ముందే వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ మనుషుల తిండి, మాట, బాధ చందమామ అడవిలోకి రాలేదు.

ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. అడవి లేని గిరిజనులం మేము. పత్తి చేలలో, మిరప కళ్లాల్లో కూలికి పోయే ఎరుకలవాళ్లం, యానాదులం. ఆయన పుట్టిన ఊళ్ల చుట్టుపక్కల చేలగట్ల మీద తిరిగినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. ఆయన చందమామలో చేరిన 1952లోనే నేరస్థ తెగల చట్టం రద్దయింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేయించుకుని, పోలీసు హాజరు వేయించుకున్న మనుషుల్లో కథ లేదా? ఆయనొక్కరే కాదు, ఆ రోజుల్లో పిల్లల కథలు రాసిన వాళ్లకు గిరిజనుడంటే కొండ మీది మనిషే. పక్కింటి గిరిజనుడు కనబడలేదు.

కాబట్టి పిల్లల ప్రశ్నకు మా జవాబు: శిఖిముఖి సగం మనవాడు. అతని ధైర్యం మనది, అతని గూడెం ఊహలోది. మిగతా సగం మనమే రాయాలి. సోది చెప్పే ఎరుకల అవ్వ బుట్టలో ఎన్ని లోకాలున్నాయో ఎవరూ విప్పి చూడలేదు. పాము జాడ పట్టే యానాది తాత కంటే సాహసవీరుడు ఎక్కడ దొరుకుతాడు? ఎలా రాయాలో దాసరి సుబ్రహ్మణ్యం దగ్గర నేర్చుకుందాం. ఎవరి గురించి రాయాలో మనకు తెలుసు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలు ఇంటి నుంచి కథ తెచ్చినప్పుడు దాన్ని "జానపద కథ" అని రాసి ఊరుకోకండి. చెప్పిన అవ్వ పేరు, రాసిన పిల్ల పేరు, ఊరి పేరు కింద రాయించండి. పేరు లేకుండా అన్నేళ్లు రాసిన ఆ పెద్దాయనకు అదే మనమిచ్చే గౌరవం.