కత్తికథలును దారికథలును

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు బోవు బస్సులో నొకనాడు మేము ప్రయాణము చేయుచుంటిమి. దూరము నలువది కిలోమీటర్లకు గొంచెము పైన. మా వెనుక వరుసలోని పెద్దమనుష్యు లిద్దరు శిరివెళ్ల దాటువరకు నొక పాత హత్యకథను జెప్పుకొనుచునే యుండిరి. ఎవడు ముందు గొడ్డలి యెత్తెనో, ఎవడు జొన్నచేనిలో దాగెనో, చచ్చువాడు తుదిమాటగా నేమనెనో, అన్నియు వారికి దెలియును. కథనము మెచ్చదగినదే. ఆ నడుమ బస్సు రెండుమారులు ఒక ప్రక్కకు గట్టిగా నొరిగినది. రోడ్డు సగముమేర ధాన్య మారబోసి, చుట్టును రాళ్లు పేర్చి యున్నారు. పెద్దమనుష్యులు ముందుసీటు కమ్మిని బట్టుకొని, కుదుపు తగ్గినంతనే గొడ్డలికడకు మరలిరి. మాకు నవ్వును వచ్చినది, భయమును గలిగినది.

రాయలసీమ కథలను గూర్చి జరుగు విమర్శ చాలవరకు రెండు ప్రశ్నల చుట్టునే తిరుగుచున్నది. అవి సీమకు అపకీర్తి దెచ్చుచున్నవా లేదా యనునది యొకటి. అందలి యాస యథార్థమైనదా కాదా యనునది మరియొకటి. రెండును అడుగదగినవే. కాని మూడవ ప్రశ్న యొకటి మమ్ము బాధించుచున్నది. ఈ కథలు వినువాడు దేనిని అపాయమని నేర్చుకొనుచున్నాడు?

1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు అను చలనచిత్రములు వచ్చి విశేషముగా ఆడినవి. వాని వెంట ఆ త్రోవనే మరికొన్ని వచ్చినవి. కక్షలు కల్పితములని మే మనము. ఊళ్లు చీలినవి, ఇండ్లు తగులబడినవి, స్త్రీలు చిన్నవయస్సుననే పసుపుకుంకుమలు పోగొట్టుకొన్నారు. అది దాచవలసిన సంగతి కాదు. మేము చెప్పునది వేరు. ఆ చిత్రములలో వాహనము గాలిలోనికి లేచి పల్టీలు గొట్టుట చూపరులకు పండుగ. దుమ్ము రేపుచు వరుసగా వచ్చు బండ్ల వేగమే నాయకుని మహిమకు కొలబద్ద. అందలి మనుష్యు లెట్లు కూర్చున్నారు, పట్టీ కట్టుకొన్నారా, తోలువాడు నిద్రించి యెన్నిగంట లయినది, ఇట్టి ప్రశ్నలు ఆ లోకమున పుట్టనే పుట్టవు. పుట్టినచో నాయకుడు నవ్వులపాలగును.

2018లో వచ్చిన అరవిందసమేత వీరరాఘవ యను చిత్రము వీనికంటె నొక మెట్టు పైనిది. రెండూళ్ల పగకు మూలము పేకాటలోని యైదురూపాయలని చూపుటలో కథకుని చూపు సూక్ష్మమైనది. అల్పమైన యలవాటునుండి మహానర్థము పుట్టునని యాతడు గ్రహించెను; పగ చల్లార్చు మాటను స్త్రీలచేత బలికించెను. అయినను ఆ యైదురూపాయలకు దక్కినవి నాలుగు మాటలు, కత్తికి దక్కినవి రీళ్లకు రీళ్లు. తన కథలోని రత్నమును కథకుడే తొందరపడి దాటిపోయినాడని మా యభిప్రాయము.

ఇక జరిగిన సంగతికి వత్తము. 2014 ఏప్రిల్ 23వ తేది రాత్రి, ఆళ్లగడ్డ శాసనసభ్యురాలు భూమా శోభానాగిరెడ్డిగారు నంద్యాలలో ఎన్నికల ప్రచారము ముగించుకొని యీ దారినే యింటికి మరలుచుండిరి. ఆళ్లగడ్డ సమీపమున రోడ్డుమీద నున్న ధాన్యపు కుప్పను దప్పించబోవగా కారు పల్టీలు గొట్టినది. ఆమె పట్టీ కట్టుకొనలేదనియు, బయటికి విసరివేయబడిరనియు నాటి వార్తలు దెలిపినవి. మరునాడు హైదరాబాదులో కన్నుమూసిరి. మే నెలలో జరిగిన పోలింగులో వోటర్లు ఆమె పేరుననే వోట్లు వేసిరి. గతించిన యామెయే గెలుపొందిరి. సీమ రాజకీయములలో దశాబ్దములు గడపిన కుటుంబము వారిది. అట్టి యింటి యాడుబిడ్డను గొనిపోయినది శత్రువు కాదు, బాంబు కాదు. ఎవరో రైతు ఆరబెట్టుకొన్న గింజలు.

ఆ దినములలో జనులు దుఃఖించిరి, నిజముగనే దుఃఖించిరి. కాని వారి నోట మేము విన్న మాటలలో కుప్ప లేదు. "కాలము తీరినది," "గ్రహము బాగులేదు," "ఎవరి దిష్టియో." నాలుగేండ్లకు, 2018 ఆగస్టు 29న, నల్లగొండ జిల్లాలో నందమూరి హరికృష్ణగారు తామే కారు నడుపుచు ప్రమాదమున మరణించిరి, పట్టీ లేదను వార్తయే మరల వచ్చినది. మరల ఆ మాటలే. మూడుకొసల పట్టీని నీల్స్ బోలిన్ అను స్వీడను దేశపు ఇంజనీరు 1959లోనే సిద్ధము చేసెను. 2022 సంవత్సరమున మన దేశపు రోడ్లమీద మరణించినవారు 1,68,491 మంది యని ప్రభుత్వపు లెక్క. ఏ యూరి కక్షయు ఏ కాలమునను ఇంత బలి గొనలేదు. అయినను ఆ కక్షలకు కథలున్నవి, ఈ చావులకు లేవు.

ఏల లేవు? రోడ్డు ప్రమాదమున ప్రతినాయకుడు లేడు గదా, ఆలంబనము లేనిదే రసమెట్లు పుట్టు నని మా మిత్రులొకరు వాదించిరి. ఈ వాదము పైకి బలముగ గాన్పించును గాని నిలువదు. గురజాడవారి దిద్దుబాటు 1910లో వెలువడినది. అందు ప్రతినాయకు డెవడు? రాత్రి యాలస్యముగ నిల్లు చేరు మగని యలవాటు, అంతియే. మంచముక్రింద దాగిన యిల్లాలి నవ్వుతో కథ ముగిసినది. వీరేశలింగముగారి ప్రహసనములలో సయితము తిట్లు తిన్నవి మనుష్యులకంటె నలవాట్లే. తెలుగు వచనము తన తొలినాళ్లలోనే యలవాటును కథానాయకస్థానమున నిలుపగలిగినపుడు, ఇపుడు చేతగాదనుట సోమరితనము.

ధాన్యపు కుప్పనే తీసికొందము. పంట చేతికి వచ్చినది. ఊరి కల్లము లెప్పుడో యిండ్లస్థలము లైనవి. కొనుగోలు కేంద్రమున తేమ నూటికి పదునేడు పాళ్లు మించరాదందురు. మబ్బు పట్టుచున్నది. తారురోడ్డు వేడి పెనమువలె గింజను గంటలలో నార్చును. రైతు అప్పు దీర్చవలెను గనుక రోడ్డెక్కినాడు. బండ్లు గింజలమీదుగ బోకుండ రాళ్లు పేర్చినాడు. రాత్రి మంచు పడునని నల్లపట్టా కప్పినాడు. నల్లరోడ్డుమీద నల్లపట్టా దీపపు వెలుగునకు సైత మందదు. అవతల, నాలుగు సభలు ముగించుకొని యలసిన మనుష్యులు. వేగముగ బోవుటయే గౌరవమనుకొను తోలువాడు. "మన యూరిలో మనకు పట్టీయేమి" యను మొగమాటము. వీరిలో నెవడు దుర్మార్గుడు? ఎవడును గాడు. ఎవరి పని వారికి న్యాయముగనే తోచినది. ఈ న్యాయములన్నియు నొక రాత్రి యొకచోట గలిసినవి. ఇంతకంటె దారుణమైన యితివృత్తము ఏ కక్షలో నున్నది? మన కథకు లెవరును దీనిని ముట్టలేదని కాదు. ముట్టినవారికి సయితము నీతిపాఠమే చేతికి వచ్చినది, మనుష్యులు రాలేదు.

భయము జూపి క్షేమము నేర్పుదమను పద్ధతి కూడ ఈ సీమకు గ్రొత్త కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నురితీసి, ఆతని తలను కోటగుమ్మమునకు వ్రేలాడదీసిరి. 1877 వరకు అది యట్లే యుండెను. ముప్పదియేండ్లపాటు కుంఫిణీవారును, వారి తరువాతి దొరతనమువారును జెప్పిన కథ యది: ఎదిరించినవానికి నిదియే గతి యని. జనులు దానిని విన్నారు, విని తలక్రిందులు చేసి పాటగా గట్టుకొన్నారు. భయపెట్టబోయిన తల వీరుని తల యయ్యెను. నేడు మలుపులకడ పుఱ్ఱెబొమ్మ గీసి, నుజ్జైన కారును దిమ్మెపై నిలుపువారు ఈ సంగతిని దలచుకొనవలెను. మా బస్సులోని కుఱ్ఱవా డొకడు అట్టి కారుముందు ఫొటో దిగినానని గర్వముతో జూపించెను.

దారిని దారిగా జెప్పిన వాడొకడు మనకు లేకపోలేదు. మద్రాసు సుప్రీముకోర్టులో దుబాసీపని జూచిన యేనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశికి బయలుదేరి అహోబిలము, శ్రీశైలముల మీదుగ ఈ సీమను దాటిరి. వారి కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చైనది. అందు దేవతల మాహాత్మ్య మున్నది. దానితో సమానముగ నీరెక్కడ దొరకును, నేల యెట్టిది, బసకు తావున్నదా, అంగళ్లున్నవా యను సంగతులును గలవు. తన వెనుక వచ్చువా డొకడున్నాడని యెరిగి వ్రాసిన వచన మది. శైలి ముతకదని పండితులు పెదవి విరువవచ్చును. మాకు మాత్రము, ఆ గ్రంథము జదువునపుడు, ముందు నడచువాడు వెనుదిరిగి "ఇక్కడ గుంట యున్నది, చూచుకొని రమ్ము" అన్నట్లే యుండును. మన కత్తికథలలో నీ స్వరము వినరాదు.

తిరుగు ప్రయాణమున, చీకటి పడు వేళకు, బస్సు చక్రము మార్చుటకై యాగినది. దాపుననే యొక ముసలమ్మ ధాన్యముమీద పట్టా సవరించుచుండెను. అది ముగిసిన తరువాత నొక కఱ్ఱకు తెల్లని యెరువుసంచిని గట్టి, బండ్లు వచ్చు వైపున రాళ్లనడుమ నాటినది. ఎందుకమ్మా యని యడిగితిమి.

"చీకట్లో కనపడాల గదా సామీ," అనెను.

బస్సు కదలినది. వెనుక వరుసలో నెవరో మరల గొడ్డలికథ యెత్తుకొనిరి. ఆ తెల్లసంచి కొంతదూరమువరకు మాకు గనబడుచునే యుండెను.