లాసు ఎంత?

మొన్న యానాం పక్క మా అడవిపొలంలో కాలవగట్టు చదును చేస్తుంటే జేసీబీ పళ్లు కేబులు మీద పడ్డాయి. సగం ఊరికి నెట్టు పోయింది. పొద్దు వాలేవేళకి ఫైబరు కుర్రాడు బండి మీద వచ్చి, మా అరుగు మీదే దుకాణం పరిచాడు.

ముప్పై ఏళ్లు ఫిజిక్సు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. గాజుపోగుకి అతుకు వేయడం అంత దగ్గర్నుంచి చూడటం మాత్రం అదే మొదటిసారి. పైతొడుగు ఒలిచాడు. స్పిరిట్ తడిపిన కాగితంతో పోగుని తుడిచాడు, కీచుమని చప్పుడొచ్చేదాకా. ఆ చప్పుడొస్తేనే శుభ్రమైనట్టట. చిన్న కటింగు మిషన్లో పెట్టి టక్కున కోశాడు. రెండు కొసలూ స్ప్లైసింగు మిషన్లో పెట్టి మూత వేస్తే, బుల్లితెర మీద రెండు తాటిదూలాల్లా కనిపించాయి. వాటంతటవే జరుక్కుంటూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. చిటుక్కుమని ఓ మెరుపు. రెండూ ఒకటైపోయాయి. తెర అడుగున ఒక అంకె: 0.02.

"లాసు బాగానే వచ్చిందండి మేష్టారూ."

డెసిబెల్స్ లెక్క అది. ఆ అతుకు దగ్గర వెయ్యి పాళ్ల వెలుగులో ఐదు పాళ్లు కూడా పోలేదన్నమాట. ఆ కుర్రాడికి లాగరిథమ్స్ రావు. 0.02కీ 0.2కీ తేడా మాత్రం వాడి వేళ్లకి తెలుసు. కోసిన ముక్కల్ని కింద పడనివ్వకుండా ఒక్కొక్కటే టేపుకి అంటించుకుంటున్నాడు. "ఏలిలో దిగితే కనపడదండి. కనపడనిదాన్ని ఏం తీత్తాం?"

ఈలోగా నలుగురు పోగయ్యారు. ఎదురింటి పిన్నిగారు అంతా చూసి, నా బతుకులో ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "ఈ గాజుదారం ఎక్కడ చేత్తారు బాబూ? మనకాడేనా?"

కుర్రాడు నా వంక చూశాడు. నేను గొంతు సవరించుకున్నాను.

ఎందుకు ఎవరూ అడగలేదో చెప్పాలి. రిటైరయ్యాక పదేళ్లుగా బళ్ల వెంట తిరిగి ఒక ఆట చూపిస్తున్నాను. నీళ్లసీసాకి పక్కన చిల్లు పెట్టి, అవతలి వైపు నుంచి లేజరు పెన్ను కొడితే, వెలుగు తిన్నగా పోకుండా నీటిధారతో పాటు వంగి బకెట్లో పడుతుంది. 1840ల మొదట్లోనే కొలడాన్ అనే ఆయన చూపించిన విద్యే. గాజుపోగులో వెలుగు నడిచేదీ ఇలాగే. (మొదటిసారి నేను చిల్లుని కాల్చిన మేకుతో పెట్టాను. అంచు గరుకై ధార చెదిరిపోయింది. వెలుగూ చెదిరింది. పిల్లలు మర్యాదకి చప్పట్లు కొట్టారు.) ఆట బాగా కుదిరిన రోజున కూడా పిల్లలు లేజరు పెన్ను వెల అడిగారే తప్ప, ఆ పోగు ఎవరు తీస్తారని అడగలేదు. అడిగేలా నేను చెప్పలేదు. పదేళ్లూ వింతే చూపించాను. తయారీ ఊసెత్తలేదు.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డీఆర్‌డీవో వాళ్లు 30 కిలోవాట్ల లేజరుతో డ్రోన్‌ని కూల్చినప్పుడు టీవీలన్నీ ఆ మంటనే తిప్పితిప్పి చూపించాయి. అంత వెలుగుని ఒక్క చుక్కలోకి తెచ్చే అద్దాన్ని ఎవరు సానబట్టారు, ఎన్ని పగిలాక ఒకటి కుదిరింది? ఆ కబురు చెబితే ఛానెల్ మార్చేస్తారని వాళ్ల భయం కాబోలు.

వింత చూపించకుండా ఒప్పించినవాడు ఒకాయన ఉన్నాడు, చార్లెస్ కావ్. 1966లో ఇంగ్లండులోని హార్లోలో, టెలిఫోన్ పరిశోధనశాలలో పనిచేస్తూ, జార్జ్ హాకమ్‌తో కలిసి ఒక పత్రం రాశాడు. కిలోమీటరు పోయాక నూటికి ఒక పాలు వెలుగు మిగిలే గాజు చాలు, దాని మీద టెలిఫోన్లు నడపొచ్చన్నాడు. అప్పటి పోగుల్లో కిలోమీటరు మాట దేవుడెరుగు, కొన్ని పదుల మీటర్లకే వెలుగు ఆవిరయ్యేది. లోపం గాజుది కాదు, అందులోని ఇనుములాంటి మలినాలదని ఆయన వాదన.

గోదావరి వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. వరదల్లో గౌతమికి ఎర్రనీరొస్తే మోకాల్లోతులో పాదం కనపడదు. ఆ నీళ్లే కుండలో పోసి, లోపల చిల్లగింజ అరగదీసి ఓ రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి అడుగున కాసు వేసినా కనపడేది. నీళ్లు మారలేదు, మట్టి దిగింది.

కావ్ ఆ మాట పట్టుకుని గాజు కంపెనీల చుట్టూ, దేశదేశాల లేబొరేటరీల చుట్టూ తిరిగాడు. నమ్మినవాళ్లు తక్కువ. టెలిఫోన్లన్నీ తన చేతిలో ఉన్న బ్రిటిష్ తపాలాశాఖ మాత్రం ఆసక్తి చూపించింది. ఆయన అక్కడితో ఊరుకోలేదు. బజార్లో దొరికే స్వచ్ఛమైన సిలికానే తెచ్చి, 1969లో కొలిచి, అంకె నమ్మనివాళ్ల ముందు పెట్టాడు. మరుసటేడే అమెరికాలో కోర్నింగ్ కంపెనీ ఆ గీత దాటిన పోగు తీసింది. ఆయనకి నోబెల్ రావడానికి 2009 దాకా పట్టింది. ఇప్పటి పోగులో కిలోమీటరు నడిచాక నూటికి తొంభై అయిదు పాళ్లు మిగులుతున్నాయి.

పరిశ్రమవాడి దగ్గరికి వెళితే వాడికి కావలసిందీ అలాంటి అంకే. నూటికి ఎన్ని పనికొస్తాయి, ఎన్ని పారేయాలి? ఇప్పుడు మద్రాసు ఐఐటీలో, బెంగళూరు ఐఐఎస్‌సీలో సిలికాన్ చిప్పు మీదే వెలుగుకి దారి వేస్తున్నారు. ఆ దారి వెడల్పు అర మైక్రాను. దానికి అతికించాల్సిన పోగులో వెలుగు నడిచే నడిమి భాగం తొమ్మిది మైక్రాన్లు. బోదెని ఇంజెక్షను సూదిలోకి మళ్లించినట్టు. అతికించే జిగురు ఆరేటప్పుడు వెంట్రుకవాసి జరిగినా అయిపోయినట్టే. పరికరం ఖరీదులో పెద్ద వాటా ఈ అతుకులూ పొందికలే తినేస్తాయి. రిబ్బను కత్తిరించే సభల్లో మాత్రం "కాంతివేగంతో దూసుకుపోతున్నాం" అంటారు.

పిన్నిగారి ప్రశ్నకి ఇంతసేపు పట్టింది. "మనకాడే పిన్నీ," అన్నాను. "హైదరాబాదులో హెచ్‌ఎఫ్‌సీఎల్ వాళ్లు తీస్తున్నారు. రెండువేల డిగ్రీల దగ్గర గాజుకడ్డీ కొస కరిగి, పాకంలా సాగుతూ కిందికి దిగుతుంది." ఆ తర్వాత ఆవిడ పుట్టింటి సంగతి ఎత్తాను. ఆవిడది బందరు. బందరంటే లడ్డూ, కలంకారీ, రోల్డుగోల్డు అని అందరికీ తెలుసు. 1926లోనే అక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని సైన్సు పరికరాలు చేసే సంస్థ వెలిసింది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) కలుపుకుంది. చీకట్లో సైనికులకి చూపునిచ్చే పరికరాలు అక్కడ చేస్తారు. 2025 అక్టోబరులో, అదే జిల్లాలోని నిమ్మలూరులో అదే పనికి కొత్త ఫ్యాక్టరీని ప్రధాని జాతికి అంకితం చేశారు.

"మా బందర్లోనా?" అని ఆవిడ బుగ్గన వేలేసుకుంది. నా నీళ్లసీసాకి పదేళ్లలో ఒక్కనాడూ ఆ మొహం కనపడలేదు.

యానాంలో పిల్లలకి ఈ అతుకు పని నేర్పే చిన్న కేంద్రం పెట్టమని సర్కారుకి ఒక అర్జీ రాస్తున్నాను. చుట్టూ ఆంధ్రా అయినా మా అర్జీ ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు నడిచి మా సర్కారుండే పుదుచ్చేరి చేరాలి. దారిలో దాని లాసెంతో ఏ మిషనూ చూపించదు. "కాంతి ఈ శతాబ్దపు శక్తి" అని మొదలెట్టాను. ఆ రాత్రి అది కొట్టేసి, స్ప్లైసింగు మిషన్ ఖరీదెంత, నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది, నేర్చినవాడికి నెలకెంత వస్తుందని కుర్రాణ్ణి అడిగి రాసుకున్నాను.

వచ్చే శనివారం బడికి సీసా పట్టుకెళ్లడం లేదు. మిషన్‌తో రమ్మని వాణ్ణే అడిగాను.

"ఆయ్, వత్తానండి. పెట్రోలు మీదే. ముక్కలంటించుకోడానికి టేపు కూడా మీరే తేవాలి, పిల్లలు కదండీ, రెండు చుట్టలు తెండి."